చుక్కల వెనక అడ్రసు

మొదటి దెబ్బకే మెకానిక్ కళ్లజోడు ఎగిరి కుట్టుమిషన్ల మధ్య పడింది.

"మా చెల్లి అడ్రసు ఇస్తావా, చస్తావా?" అన్నాడు అన్న. చేతిలో ఉన్నది ఆ షాపులోని స్పానరే.

మెకానిక్ మనిషి బక్కపలచనే గానీ మహా మొండి. కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్ల మెయిలింగ్ లిస్టును పదేళ్లుగా నడుపుతున్నాడు. ఎవరు ఉత్తరం రాసినా ముందు ఆయన దగ్గరికే వస్తుంది. ఆయన దాన్ని నెట్‌లో అందరూ చదివేలా పెడతాడు. పెట్టేముందు రాసినవాళ్ల ఈమెయిల్ అడ్రసును చుక్కలతో కప్పేస్తాడు. లేకపోతే స్పామ్ పంపేవాళ్ల ప్రోగ్రాములు వచ్చి అడ్రసులన్నీ ఊడ్చుకుపోతాయి. ఇక లాటరీ తగిలిందనీ, బట్టతలకు మందు దొరికిందనీ ఒకటే మెయిళ్లు. పదకొండు వేల ఉత్తరాలకు ఓపిగ్గా చుక్కలు పెట్టాడు కాబట్టే సభ్యులు ఆయన్ని ముద్దుగా చుక్కల మావయ్య అంటారు.

అన్న జేబులోంచి ఫోన్ తీసి ఆయన మొహం ముందు ఆడించాడు. తెర మీద చెల్లి ఉత్తరం. అడ్రసు ఉండాల్సిన చోట చుక్కల వరస.

"నెలనెలా రాస్తోంది. సూది విరిగితే ఏం చెయ్యాలో లోకానికంతా చెప్తోంది. మా అమ్మకు మాత్రం ఒక్క ముక్క లేదు! నీ షాపులో పని మానేసి పోయి రెండేళ్లు. పోలీసుల దగ్గరికెళ్తే, ఉత్తరాలు రాస్తోందిగా, బతికే ఉంది, పోవయ్యా అన్నారు."

"నీ దెబ్బలు పడలేకే పోయానని అందులోనే రాసింది కదయ్యా," అన్నాడు మెకానిక్.

"అబద్ధం! దాని మీద ఏనాడూ చెయ్యెత్తలేదు."

"కనిపిస్తూనే ఉందిలే."

స్పానర్ మెకానిక్ కుడి మోచేతి మీద దిగింది. ఎముక పటుక్కుమంది. అన్న ఆయన జుట్టు పట్టుకుని తలను బల్లకేసి బాదాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది.

"చుక్కల మావయ్యా! నీకిప్పుడు పట్టపగలే చుక్కలు చూపిస్తా. ఆ కంప్యూటర్ తెరువు!"

"చంపెయ్యి. అడ్రసు మాత్రం ఇవ్వను."

అన్న ఆయన కుడిచేతిని బల్ల మీద అదిమి, చిటికెన వేలు వెనక్కి విరిచాడు. మెకానిక్ గావుకేక పెట్టాడు.

ఆ కేకకు పక్కషాపు దర్జీ నలుగురిని వెంటేసుకుని ఉరికొచ్చాడు. అందరూ కలిసి అన్నను చితకబాది రోడ్డు మీదికి ఈడ్చేశారు. ఒకడు కడుపులో తన్నాడు.

"అమ్మ మంచాన పడిందిరా! ఒక్కసారి దాని గొంతు వినిపించండిరా!" అని అన్న నెత్తురు ఉమ్ముతూ ఏడ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు.

దర్జీ లోపలికొచ్చి మెకానిక్‌కు నీళ్లు తాగించాడు. "ఒక్క మెయిల్ అడ్రసు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? వాడి మొహాన కొడితే పోయేదిగా!"

"నన్ను నమ్మి రాస్తారు తమ్ముడూ. ఎలా ఇస్తాను?"

దర్జీ కళ్లు చెమర్చాయి. ఆసుపత్రికి బండి తెస్తానని పరుగెత్తాడు.

మెకానిక్ తలుపు దగ్గరగా వేసి, కంప్యూటర్ ముందు కూలబడి, రెండేళ్ల కిందట తాను గొంతు నులిమి పూడ్చిపెట్టిన ఆ పిల్ల పేరుతో ఈ నెల ఉత్తరాన్ని ఎడమచేత్తో టైపు చేయడం మొదలుపెట్టాడు.