రిఫరీ చూడని తప్పు

“ఈ రంగు నీకు నప్పలేదు,” అన్నాడతను, అద్దంలో చూసి బో టై సరిచేసుకుంటూ.

ఆమె తన కొత్త ఆకుపచ్చ కోటు వైపు ఒకసారి చూసుకుంది. “మ్యాచ్‌కి వెళ్ళేముందు పెళ్ళాంతో ఒక మంచిమాట అనాలని తోచదా నీకు?”

“ఎలా ఉందని అడిగావుగా.”

“అడగడం నాదే బుద్ధితక్కువ.”

అతనంతే. ఒకసారి ఆమె తల్లి నలుగురి ముందూ పాట పాడి, “ఎలా ఉంది బాబూ?” అని ముచ్చటగా అడిగితే, “మధ్యలో శ్రుతి తప్పింది అత్తయ్యా,” అన్న మనిషి. ఆ తర్వాత చాన్నాళ్ళు అత్తగారు అల్లుడితో ముక్తసరిగానే మాట్లాడింది. ఇంటికి కావలసిన అబద్ధాలన్నీ తన వాటాకే వచ్చిపడ్డాయని ఆమె నవ్వుతూ చెప్పుకునేది.

ఈ రోజు మాత్రం ఆమెకి నవ్వు రావడం లేదు. భర్త ప్రొఫెషనల్ స్నూకర్ ఆటగాడై ఏడాది దాటినా, ఒక్క ర్యాంకింగ్ టోర్నమెంట్‌లోనూ మొదటి రౌండ్ దాటలేదు. “మీ ఆయన ఇంకా కర్రాబిళ్ళా ఆడుతూనే ఉన్నాడా?” అని అక్క ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అక్క నోరు మూయించేలా జవాబు చెప్పాలి. ఇవాళ గెలిస్తే అతను రేపు కెమెరాల ముందు, పెద్ద హాల్లో ఆడతాడు.

ఆట జరిగే హాలు బయట వరండాలో ప్రత్యర్థి ఎదురయ్యాడు. జుట్టు బాగా నెరిసిన పెద్దాయన. పొట్ట మీదికి వెయిస్ట్‌కోటు లాక్కుంటూ, “ఏరా, భయమేస్తోందా?” అన్నాడు.

“వేస్తోందండీ.”

“నాకూ వేస్తోందిలే. ఎవరికీ చెప్పకు,” అని పెద్దాయన అతని బో టైని మళ్ళీ సరిచేసి ముందుకు సాగాడు.

హాల్లో ఆమె పక్క కుర్చీలోకి పెద్దాయన భార్యే వచ్చి కూర్చుంది. ఎవరు బంతి కొట్టబోయినా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునేది.

“పడిందా తల్లీ?”

“పడిందండీ.”

“ఎవరిది?”

“మీవారిదే.” ఈ మాట చెప్పడానికి ఆమెకి మనసు ఒప్పలేదు కానీ, ఆవిడ మొహం చూస్తే చెప్పక తప్పలేదు.

విరామంలో పెద్దావిడ బిళ్ళల డబ్బా తీసి ఆమెకో చప్పరింపు బిళ్ళ ఇచ్చింది. “ఈ ఏడాది మా ర్యాంకు అడుగంటిపోయిందమ్మా. ఇవాళ పోతే ప్రొఫెషనల్ అన్న పేరూ పోతుంది. ఆయనకా, ఇంట్లో కూర్చోవడం చేతకాదు. మొన్న సెలవుల్లో వంటింటి డబ్బాలన్నీ రంగుల వారీగా సర్దేశారు. ఉప్పు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు నాకు.”

ఆమె నవ్వింది.

“రోషం మాత్రం కొండంత. ఒకసారి ఎవరో జాలిపడి కావాలని బంతి వదిలేస్తే, ఇట్టే పసిగట్టారు. ఇప్పటికీ ఆ మనిషితో మాట్లాడరు. ఆటగాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇదంతా.”

ఆమెకీ జాలి వేసింది. కానీ ఆ జాలి తీరాలంటే తన మొగుడు ఓడాలి. అందుకని జాలిని పక్కనపెట్టి బల్ల వైపు చూసింది.

ఇద్దరూ చెరిసగం గెలిచి, మ్యాచ్ ఆఖరి ఫ్రేమ్‌కి వచ్చింది. బల్ల మీద పింక్, నల్ల బంతులు మాత్రమే మిగిలాయి. పాయింట్లలో అతనే కాస్త ముందున్నాడు. పింక్ వేస్తే మ్యాచ్ అతనిదే. అదీ పాకెట్ మూతి దగ్గరే ఉంది, ఊదితే పడేలా. నల్ల బంతి మీదుగా చెయ్యి చాపి వంగాడు. పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ఈసారి ఆమె కూడా మూసుకుంది.

బంతి చప్పుడు వినపడలేదు. కళ్ళు తెరిచేసరికి అతను నిటారుగా నిలబడి ఉన్నాడు.

“ఫౌల్,” అన్నాడు రిఫరీతో. “నా చొక్కా చెయ్యి నల్ల బంతికి తగిలింది.”

“నేను చూడలేదే?”

“తగిలిందండీ.”

ఈ ఆటలో రిఫరీ కంట పడని తప్పుని ఆటగాడే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక రిఫరీ మారుమాట్లాడకూడదు. ఏడు పాయింట్లు పెద్దాయన ఖాతాలో పడ్డాయి, వంతూ ఆయనదే అయింది. బంతులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పెద్దాయన కుర్చీలోంచి మెల్లగా లేచి, అదే పింక్‌ని అదే పాకెట్‌లో వేసి మ్యాచ్ గెలిచాడు.

హాలంతా లేచి నిలబడి, ఓడినవాడికి చప్పట్లు కొట్టింది. పెద్దాయన అతన్ని దగ్గరికి లాక్కుని భుజం గట్టిగా పట్టుకున్నాడు. పెద్దావిడ ఆమె రెండు చేతులూ పట్టుకుని, “నీ మొగుడి నోట అబద్ధం రాదని ఆయన ఎప్పుడూ అంటూంటారు తల్లీ,” అని కళ్ళు ఒత్తుకుంది.

బస్సులో ఆమె మాట్లాడ్డం మొదలుపెట్టాక ఆగలేదు.

“చూసినవాడు లేడు, అడిగినవాడు లేడు. నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? నువ్వు వెయ్యాల్సిన బంతిని ఆయనకి వడ్డించి మరీ వచ్చావు!”

“ఊఁ.”

“ఊఁ ఏంటి, ఊఁ? ఇప్పుడు మా అక్కకేం చెప్పను?”

“ఓడిపోయానని చెప్పు.”

కోపంగా మొహం తిప్పుకుంది. కానీ పెద్దావిడ చేతుల వెచ్చదనం ఇంకా తన చేతుల్లోనే ఉన్నట్టుంది. ఆ ఇంట్లో ఈ రాత్రి ఆయన రేపటి ఆట కోసం క్యూ కర్ర తుడుచుకుంటూ కూర్చుంటాడు. ఆవిడ పక్కనే కూర్చుని తిడుతూ ఉంటుంది. కాసేపటికి ఆమె కోపం దానంతటదే జారిపోయింది. తల వాల్చి అతని భుజానికి ఆనించింది.

“పోనీలే. ఓడితే ఓడాడు గానీ, హాలంతా లేచి చప్పట్లు కొట్టిందని చెప్తాను. అలాంటి మొగుడు తనకున్నాడేమో చూసుకోమంటాను.”

అతను నవ్వి ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

“అయినా రిఫరీ అంత దగ్గర నిలబడ్డాడు, ఆయనకే కనపడలేదు,” అంది ఆమె నిద్రమత్తుగా. “అంత కొంచెం తగిలితే నీకెలా తెలిసింది?”

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

“తగల్లేదు.”