పూత మందు

"ఆ పూత మందు ఇంకా దొరకలేదా పుష్పావతమ్మా?" డాక్టరమ్మ చీటీ మీంచి తలెత్తింది.

పుష్పావతి తల అడ్డంగా ఊపింది. మూడుసార్లు రాసిచ్చిన మందు. మూడుసార్లూ మొగుడు మునియప్ప దుకాణానికి పోయి, స్టాకు లేదని ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

ఆమె పనిచేసే బూదికోట డెయిరీలో, పాలల్లో వెన్న శాతం చూసే ఆసిడ్ సీసా పగిలి రెండు నెలలు కావస్తోంది. ఆమె మోచేతి కింద పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

"మీతోపాటు ఆసిడ్ పడిన పిల్లకు మూడు వారాల్లో మానిపోయింది. ఆ వయసులో ఒంట్లో ఆడ హార్మోను నిండుగా ఉంటాదమ్మా, కొత్త చర్మం బిరబిరా పుడతాది. ముట్లు నిలిచినాక అది అడుగంటిపోతాది. ఆ మందులో ఉండేది అదే. పూస్తే పదిహేను దినాలు, అంతే." డాక్టరమ్మ కట్టు కడుతున్న నర్సు వైపు చూపించింది. "ఇదో, మా రక్షితకు ఏడో నెల. ఈమె ఒంట్లో పొంగేదే మీ ఒంట్లో లేకుండా పోయింది."

ఆ నర్సు పుష్పావతి కూతురని డాక్టరమ్మకు తెలియదు. తల్లీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పదిహేను దినాలు. పుష్పావతి వేళ్ళు మడిచి, ఇంకెన్ని కట్లో లెక్కపెట్టుకుంది.

రక్షిత తమ మతం కాని సెల్విన్‌ను పెళ్ళాడిన నాడే, ఆ పిల్లతో ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని మునియప్ప తేల్చి చెప్పాడు. ఈ రాబర్ట్‌సన్‌పేట ఆసుపత్రిలో కట్టు కట్టేది కూతురేనని తెలిసినప్పుడు మాత్రం, "కట్టు కట్టేది నర్సమ్మ. ఆయమ్మ ఎవరైతే నాకేమి?" అని ఊరుకున్నాడు. రోజు విడిచి రోజు స్కూటరు మీద తీసుకొచ్చి, ఆసుపత్రికి వీపు పెట్టి, స్కూటరు అద్దం తుడుచుకుంటూ బయటే కూర్చుంటాడు. పుండు మానితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి పోయాక రక్షిత మెల్లగా అడిగింది.

"నాయనకు దగ్గు తగ్గిందా?"

"బయటనే ఉండాడు. పోయి అడుగు."

"అడిగితే పలుకుతాడా?"

పుష్పావతి బాగున్న చేతిని కూతురి కడుపు మీద ఆనించింది. లోపల బిడ్డ కదిలింది. రక్షిత చుట్టిన కట్టును విప్పి, మళ్ళీ మొదటి నుంచి చుట్టసాగింది.

"ఈసారి మందు నేనే తెస్తానమ్మా."

"వద్దు."

"మానొద్దా నీకు?"

"మానితే నువ్వు నాకు యాడ కనపడతావు?"

రక్షిత కట్టు కొసను లోపలికి దోపి, అక్కడే చెయ్యి ఉంచి కాసేపు నిలబడింది.

పుష్పావతి బయటికి వచ్చేసరికి స్కూటరు దగ్గర మునియప్ప లేడు. ఎదురుగా టీ అంగడిలో నిలబడి ఉన్నాడు. తాళంచెవి స్కూటరుకే ఉంది. నీళ్ళ సీసా కోసం ఆమె సీటు ఎత్తింది. తువ్వాలు కింద మూడు మందు డబ్బాలు కనిపించాయి. చేతిలోని చీటీ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూసింది. అదే పేరు. మూడింటికీ సీలు తీయలేదు.

వాటిని ఉన్నవి ఉన్నట్టే తువ్వాలుతో కప్పి, సీటు దించి కూర్చుంది. ఎదుట స్కూటరు అద్దం. అందులో రోడ్డు కనబడలేదు. కట్టు కట్టే గది కిటికీ కనబడింది. కిటికీలో, నడుము మీద చెయ్యి వేసుకుని రక్షిత.

మునియప్ప టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. "డాక్టరమ్మ ఏమనింది?" అన్నాడు ఎటో చూస్తూ.

పుష్పావతి ఒక గుక్క తాగింది.

"ఆ మందు చేసేదే నిలిపేసినారంట. ఇంగ యాడా దొరకదంట. ఎల్లుండి మళ్ళా కట్టుకు రమ్మనింది."