ఐదో గొట్టం

గురువారం మధ్యాహ్నం క్షవరం చేయించుకుని వచ్చేసరికి పంపుషెడ్డుకి కొత్త తాళం వేలాడుతోంది. దాని మీద సీలు కూడా వేశారు.

పంపు ఆపరేటరు తాళం పట్టుకుని లాగి చూశాడు. ఇరవై రెండేళ్లుగా నాలుగు వందల ఇళ్లకు నీళ్లు తోడిపోస్తున్న షెడ్డు అది. తలుపుకి అంటించిన కాగితం చదివాడు. "సముద్రపు ఉప్పు ఐదో గొట్టం దాటింది. బావి తోడటం తక్షణం నిలిపివేయవలెను."

కింద సంతకం చెల్లెలిది.

తండ్రి పోయేనాటికి దానికి ఆరేళ్లు. భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లాడు. తన పెళ్లి వాయిదా వేసుకుని మరీ చదివించాడు. భూగర్భజలాల ఆఫీసులో ఉద్యోగం వచ్చిందంటే వీధంతా చెప్పుకు తిరిగాడు. ఒడ్డు నుంచి బావి దాకా ఇసుకలో వరసగా ఆరు గొట్టాలు దింపిన రోజున, మండుటెండలో దాని పక్కనే నిలబడి గడ్డపార పట్టాడు.

ఉప్పునీరు బరువు. ఇసుకలో మంచినీటి అడుగు నుంచి దొంగలా పాకుతుంది. బావిని ఎంత తోడితే అంత ముందుకొస్తుంది. అదెక్కడిదాకా వచ్చిందో చూడటమే చెల్లెలి పని. ప్రతి సోమవారం వచ్చి, గొట్టాల్లోకి ఉప్పు కొలిచే మీటరు తీగ దింపి, అంకెలు రాసుకునేది. రెండేళ్లుగా ఉప్పు మూడో గొట్టం దగ్గరే ఆగింది.

"నీ బావి మొండిది అన్నయ్యా, నీలాగే," అని నవ్వి, వదిన ఇచ్చిన టీ తాగి వెళ్లేది.

మరి ఇవాళ సోమవారం కాదే! చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చినట్టు?

విసవిసా ఆఫీసుకి వెళ్లాడు. చెల్లెలు మీటరు తీగ తుడిచి చుట్టుకుంటోంది.

"ఒక్క ముక్క ముందు చెప్పలేకపోయావా?"

చుట్టడం ఆపలేదు. "చెబితే నీళ్లు మారతాయా అన్నయ్యా?"

"నా ఉప్పు తిని పెరిగావే నువ్వు!"

పక్క సీటు గుమాస్తా కిసుక్కుమన్నాడు. చెల్లెలు నవ్వలేదు. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మూడు రోజుల్లో రెండు గొట్టాలు ఎలా దాటిందని నాకూ మెమో ఇచ్చారు. రెండేళ్లూ నిద్రపోయావా అంటున్నారు. ఏం చెప్పమంటావు?"

"నన్నడిగితే?" అని వెనక్కి తిరిగాడు.

ఇంట్లో భార్య అన్నం పెట్టింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది," అన్నాడు.

"పిల్ల దాని పని అది చేసుకుంది. దాని మీద పడతారేం?"

"చేసుకోనీ. అన్నకో మాట చెప్పాలా, వద్దా?" కంచం పక్కకి నెట్టేశాడు.

రక్తం పంచుకు పుట్టిన పిల్ల ఒక్కరోజు ముందు చెప్పి ఉంటే, ప్రతి ఆదివారం సాయంత్రం పోసినట్టే ఆ నాలుగో గొట్టంలోనూ ఐదో గొట్టంలోనూ కడవలకొద్దీ మంచినీళ్లు పోసి ఉంచేవాడు కదా!