ఎర్రచుక్క

“ఎవురప్పా నా కొడుక్కి బొట్టు పెట్టింది? వాడు బతికే ఉండాడు!”

హిందూపురం ఫొటోల ప్రదర్శనలో ఓబక్క అరుపుకి అందరూ తిరిగి చూశారు. గోడ మీది ఫొటోలో ఆమె కొడుకు రైలు తలుపు పట్టుకుని నవ్వుతున్నాడు. అద్దం పైభాగాన ఎర్రచుక్క ఉంది. మనుషుల్లో చనిపోయినవాళ్ళ పటానికే కదా బొట్టు పెట్టేది!

కోడలు భారతి ఆమె చెయ్యి పట్టుకుంది. పేపర్లో ఈ ఫొటో చూసే ఇద్దరూ ధర్మవరం నుంచి పొద్దున బండికి వచ్చారు.

ఫొటో తీసినాయన పరుగున వచ్చాడు. “బొట్టు కాదమ్మా, స్టిక్కరు. ఈ ఫొటో ఎవరో కొనుక్కున్నారని గుర్తు.”

“బతికించినావు సామీ!” ఓబక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. “మగ్గం మింద చీర సగంలో ఇడిసిపెట్టి పోయినాడు వీడు. నీకు యాడ కనపడినాడు? ఆ ఊరి పేరు చెప్పు చాలు, మేం పోయి పిల్చుకొస్తాం.”

“మీ ధర్మవరం స్టేషన్లోనే తీశానమ్మా. ఆరేళ్ళ కిందట, ఉగాది మర్నాడు.”

భారతి భర్త ఇల్లు విడిచింది ఆ రోజే.

“మళ్ళా యాడా కనపడలేదా?” అంది ఓబక్క.

“లేదమ్మా.”

ఓబక్క చాలాసేపు కొడుకు ముఖం చూసింది. తర్వాత గోటితో చుక్కను మెల్లగా లేపింది.

“నువ్వు అట్ల తిరుక్కో అమ్మీ,” అని కోడలికి చెప్పి, దాన్ని కొడుకు నుదుటి మీద అతికించింది.