బయటోళ్ల లైన్

లోకల్ లైన్లో కూతురు కావ్య ముందు నిలబడ్డ పిల్లను చూడగానే కనకరాజుకు జాలేసింది.

కావ్య ఫోనులో చూసే కొరియా సీరియల్లోంచి దిగివచ్చినట్టుంది ఆ పిల్ల. ఏ దేశం నుంచి వచ్చిందో, పాపం, ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు.

డాక్టర్ సీట్లకు సర్టిఫికెట్లు చూస్తున్నారు. హాల్లో రెండు కౌంటర్లు. ఒకటి లోకల్ వాళ్లకు. రెండోది బయటి రాష్ట్రాల వాళ్లకు, బయటి దేశాల వాళ్లకు. తల్లిదండ్రులు తాడుకు ఇవతలే ఆగిపోవాలి.

కావ్య ర్యాంకు అంచు మీద ఉంది. లోకల్ లెక్కలో అయితే సీటు వస్తుంది, లేదంటే లేదు. కనకరాజుకు మాత్రం ఆ బెంగ లేదు. తాత కట్టిన ఇల్లు నాచారంలో, నల్లాలూ పైపులూ అమ్మే దుకాణం ఉప్పల్ రింగురోడ్డు మీద. ఇంతకన్నా లోకల్ ఎవడుంటాడు?

బేరంలో తనను మించినవాడు లేడని అతని నమ్మకం. కావ్య ఇంటర్‌లో చేరేటప్పుడు, హబ్సిగూడ కాలేజీ చాలు, బిడ్డ కళ్లముందుంటుందని భార్య పద్మశ్రీ మొత్తుకుంది. కనకరాజు వింటేగా. విజయవాడ హాస్టల్ వాళ్లతో పొద్దంతా బేరమాడి ఫీజు తగ్గించుకున్నాడు. పైగా పరుపు కూడా ఉచితంగా రాబట్టాడు. ఆ పరుపు సంగతి చుట్టాలకు ఇప్పటికీ చెబుతుంటాడు.

తాడు మీదుగా వంగి, రెండో కౌంటరు వైపు చెయ్యి చూపిస్తూ, ఆ పిల్లను హిందీలో పిలిచాడు.

"బేటీ, యే లైన్ నహీ. ఫారిన్ వాలా ఉధర్."

ఆ పిల్ల ఏదో చెప్పబోయింది. అర్థం కాలేదేమోనని అతను ఇంకా గట్టిగా, చేతులు ఊపుతూ మళ్లీ చెప్పాడు. భాష రాని గిరాకీకి దుకాణంలో అలాగే చెబుతాడు. అరిస్తే ఏ భాషైనా అర్థమవుతుందని అతని లెక్క. అలిసిపోయి ఉంటుందని చేతిలోని నీళ్ల సీసా కూడా అందించాడు. ఆ పిల్ల సీసా తీసుకుంది గానీ లైన్లోంచి కదల్లేదు.

"బయటోళ్లు గిట్ల మన లైన్ల జొరబడితే, మన పిల్లల గతేం గావాలె?" అన్నాడు పక్కనే నిలబడ్డ పద్మశ్రీతో.

"మెల్లగ. ఆ పిల్ల ఇంటది."

"ఇంటే ఏంది? తెలుగొస్తదా దానికి?"

నీళ్లు తాగుతున్న ఆ పిల్లకు పొలమారింది.

ఇంతలో ఆమె వంతు వచ్చింది. ఇప్పుడు తరిమేస్తారు చూడమని పద్మశ్రీకి సైగ చేశాడు. ఆఫీసరు కాగితాలు తిరగేసి, తలూపి, ముద్ర కొట్టాడు. కనకరాజు తెరిచిన నోరు మూయలేదు. పెద్ద సిఫారసే ఉండి ఉంటుందనుకున్నాడు.

తరువాత కావ్య. ఆఫీసరు కాగితాలు చూసి, ఒక దాని దగ్గర ఆగి, ఏదో అడిగాడు. ఇవతలికి వినపడలేదు. కావ్య వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసింది. ఆమె మొహం పాలిపోయి ఉంది. ఉత్త భయమనుకుని కనకరాజు, బేరం కుదిరినప్పుడు గిరాకీకి ఊపినట్టు, ధీమాగా తలూపాడు.

అప్పుడే ఆ పిల్ల తాడు దాకా వచ్చి సీసా తిరిగి ఇచ్చింది.

"నీళ్లిచ్చిన్రు, మస్తు థాంక్స్ అంకుల్," అంది, "నేను పుట్టుడు మిజోరంలనే గని, సదువంత ఇంటర్ దాంక నాచారంలనే, ఈడ గదే సూస్తున్నరు; మీ బిడ్డనేమో ఇంటర్ విజయవాడల సదివిందని బయటోళ్ల లైన్లకు పొమ్మంటున్నరు, జర దారి సూపియ్యున్రి."