పాలరంగు సీసా

దేవి గుడ్డతో పాత వ్యాను టైర్లు తుడుస్తోంది. కూర్మన్నపాలెంలో పాత బళ్లు కొని అమ్మే ఆమె మొగుడు నూకరాజు టైర్లకు రాసే పాలిష్ సీసాలు రెండు తెచ్చి పెట్టాడు.

"ఈ నూనెది వద్దే. మరీ మెరిసిపోతే కొనీవోడికి అనుమానం వత్తాది. పాలరంగుది రాయ్. ఆరాక కొత్త టైరులా నల్లగుంటాది."

మూడు టైర్లయ్యాయి. నాలుగోదాని పగుల్లో దేవి గోరు దిగింది.

"దీనికీ బీటలే మావా," అంటూనే వాటిమీద రాసింది. "కొనీది ఎవరు?"

"మీ తమ్ముడు సన్నీయే. సింహాచలం కొండకి జనాన్ని తిప్పుతాడంట."

దేవి చెయ్యి ఆగిపోయింది.

"ఆగిపోయావేటి? అప్ప తుడిసిన బండంటే ఆడు వంగి సూడడు."

అంతలోనే సన్నీ నవ్వుతూ వచ్చాడు. "నా బండికి నువ్వే సోకు సేత్తన్నావా అప్పా! ఇంకేటి సూడాలి? తాళాలియ్యి బావా."

నూకరాజు వెంటనే ఇచ్చేశాడు.

దేవి సబ్బునీళ్లు తెచ్చి టైరు గట్టిగా కడిగింది. నలుపు కారిపోయి బీటలన్నీ బయటపడ్డాయి.

"వద్దురా తమ్ముడూ. ఘాట్‌లో పేలిపోద్ది."

సన్నీ కూర్చుని బీటలు తడిమాడు. బావ వైపు చూడలేదు.

"ఇంతకుముందు బళ్లకీ నువ్వే రాసేవా అప్పా?"

దేవి తలదించుకుంది.

"కొనీవోడు నాను కాపోతే, కడిగీదానివేనా?"

సన్నీ తాళాలు బండిమీద పెట్టి గేటు దాటి వెళ్లిపోయాడు.