రెండో కుండీ

తెల్లారేసరికి రెండు కుండీల్లో ఒకటి ఖాళీ.

కృష్ణవేణి కుండీలున్న పాటియో గుమ్మంలోనే కూలబడింది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా ఇంకా పొగమంచులో నిద్రపోతోంది.

ఆ మొక్కలు భర్త కేశవరావు కోసం. కీమో మొదలైనప్పటి నుంచి ఆయనకు అన్నం వాసనే గిట్టడం లేదు. డాక్టరు ఉత్తరం రాసిస్తే, ఒకసారి లైసెన్సున్న షాపులో మందుగా గంజాయి పువ్వు కొన్నారు.

ఆ సాయంత్రం ఆయన కలలోంచి పిలిచినట్టు పిలిచాడు.

"వేణీ, కాస్త చారన్నం కలుపుతావా?"

మళ్ళీ షాపుకి వెళ్ళాలంటే ఆమెకు భయం. మనవాళ్ళెవరైనా చూస్తే?

ఆ పువ్వు తెచ్చిన సీసా అడుగున రెండు గింజలు కనిపించాయి. రైతు ఇంటి పిల్ల. పారేయడానికి చెయ్యి రాక చెరో కుండీలో నాటింది.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. సాయంత్రాలు వాటి నీడ గోడ మీద ఊగుతుంటే, ఆయన నిండు కంచం ముందు కూర్చున్నట్టే ఉండేది ఆమెకు.

వారం కిందట ఒక పెద్దాయన వాకింగ్‌కి వెళ్తూ కంచె దగ్గర ఆగాడు. ఎదురు బ్లాక్‌లో ఉండే అనుష్క తండ్రి, వీరభద్రం.

"ఏం మొక్కలమ్మా ఇవి?"

"గో... గోంగూరండీ."

ఆయన వాటిని చాలాసేపు చూశాడు.

"గోంగూరే. బాగా పెంచావు తల్లీ. కాకపోతే ఆ రెండోది..."

ఆమె గబుక్కున తలుపు వేసేసింది.

ఆయన కాక ఇంకెవరు పీకుతారు? కృష్ణవేణి చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచింది. ఆయన వాకింగ్ బ్యాచ్‌తో ఎదురొచ్చాడు. అందరూ తెలుగువాళ్ళే.

"నా మొక్క పీకింది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఏం మొక్క అంకుల్?" ఒకావిడ ముందుకొచ్చింది.

కృష్ణవేణి ఒకడుగు వెనక్కి వేసింది.

ఆయన ఆమె మొహంలోకి ఒక్కసారి చూశాడు.

"గోంగూరమ్మా. పచ్చడి మీదికి మనసు పోయింది. బుద్ధి గడ్డి తింది."

"ఇంత దూరమొచ్చి గోంగూర దొంగతనమా అంకుల్!"

అందరూ నవ్వారు. ఆయన తల దించుకున్నాడు.

"వయసొస్తే సరా, సిగ్గుండాలి!" అంది కృష్ణవేణి.

ఆ తర్వాత ఆయన వాకింగ్‌కి రాలేదు.

రెండు నెలలకు మిగిలిన మొక్క పూసింది. ఇల్లంతా ఏదో అడవి వాసన. ఆ ఆదివారం కేశవరావు మారు అన్నం వడ్డించమన్నాడు.

ధైర్యం చేసి, ఒక పువ్వు పట్టుకుని షాపుకి వెళ్ళింది కృష్ణవేణి. బాగుందో లేదో అడగాలని.

షాపామె పువ్వు విడదీసి చూసి ఆశ్చర్యపోయింది.

"ఒక్క గింజ లేదు! పక్కన మగ మొక్క ఏదీ మొలవలేదా?"

"ఇంకోటి ఉండేది. ఎవరో పీకేశారు."

"మీ అదృష్టం. అది మగదే అయ్యుంటుంది, ఉంచితే ఈ పువ్వంతా గింజలైపోయేది. మందుకి పనికొచ్చేది కాదు."

కృష్ణవేణి నేరుగా అనుష్క ఇంటికి వెళ్ళి బెల్ కొట్టింది.

"నాన్నగారు ఉన్నారా అమ్మా?"

"పోయిన నెలే ఇండియా వెళ్ళిపోయారు ఆంటీ. ఇంకో రెండు నెలలు ఉండమన్నా వినలేదు. గడప దాటి బయటికే రాలేదు చివర్లో."

కృష్ణవేణి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఆయన వ్యవసాయం చేసేవారా?"

అనుష్క నవ్వింది.

"వ్యవసాయమా? ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ ఆంటీ. పాడేరు కొండల్లో గంజాయి తోటలు పీకించడమే ఆయన పని. సర్వీసు మొత్తంలో ఒక్కటంటే ఒక్క మొక్క కూడా వదల్లేదట!"